మొవ్వు పురుగుకి వీసా అక్కర్లేదు

రెడ్ పైన్ చెట్టు ఏడాదికి ఒక్కసారే పైకి ఎదుగుతుంది. మన జామచెట్టులా వీలు దొరికినప్పుడల్లా చిగురు వెయ్యడం దానికి తెలీదు. ముందటేడు ఎండల్లోనే కొమ్మ కొసన మొగ్గ కట్టుకుంటుంది. చలికాలమంతా దాన్ని బంకతో కప్పి దాచుకుంటుంది. మంచు కరగగానే ఆ మొగ్గని నిలువుగా సాగదీస్తుంది. ఆ లేత కొమ్మని ఇక్కడివాళ్లు 'క్యాండిల్' అంటారు. చూడ్డానికి నిజంగా కొవ్వొత్తిలాగే ఉంటుంది. నడిమిది చెట్టు తల, చుట్టూ ఉన్న నాలుగైదూ ఆ ఏటి కొమ్మలు. అందుకే ఈ చెట్టు వయసు తెలియాలంటే కాండం చుట్టూ ఉన్న కొమ్మల వరసలు లెక్కపెడితే చాలు. వరసకో ఏడాది.

ఏడాదికి ఒక్క ఛాన్స్ అన్నమాట. సరిగ్గా ఆ ఒక్క ఛాన్స్‌లోకే దూరి కూర్చునే పురుగు ఒకటుంది. దాన్ని నాకు పరిచయం చేసింది అమెరికా ముఖం అంతకుముందు ఎప్పుడూ చూడని మా నాన్న.

మేం ఉండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివారులో. నేను కార్లలో వాడే సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేస్తాను. మా పెరటి కంచె వెంట తొమ్మిది పైన్ మొక్కలున్నాయి. కొన్ని నా భుజం దాకా, కొన్ని నా తల దాటి. ఇల్లు కొన్నప్పుడే ఉన్నాయి. నా దృష్టిలో అన్నీ క్రిస్మస్ చెట్లే.

కిందటేడు ఏప్రిల్ మొదట్లో నాన్న వచ్చాడు. అమ్మ పోయి అప్పటికి పది నెలలు. గుంటూరు జిల్లాలో మాకు మూడెకరాలుంది. ఒకప్పుడు పత్తి, తర్వాత మిరప, పల్లపు ఎకరంలో వరి. ఆ ఏడు మొత్తం కౌలుకిచ్చి వచ్చాడు. పాస్‌పోర్టు మీద ఆరు నెలల స్టాంపు పడింది. నా లెక్క మాత్రం వేరు. నాకు సిటిజన్‌షిప్ వచ్చింది కాబట్టి నాన్నకి గ్రీన్‌కార్డు పెట్టొచ్చు. పొలం అమ్మేస్తే ఇక అక్కడ పనేం ఉండదు, నా దగ్గరే ఉంటాడు. ఊళ్లో మావయ్య అప్పటికే బేరం చూసిపెట్టాడు. దసరా లోపల అవునో కాదో చెప్పాలి. ఆ సంగతి ఎత్తినప్పుడల్లా నాన్న "చూద్దాంలే" అనేవాడు.

తల్లిదండ్రుల్ని తెచ్చుకున్న ఏ ఇంట్లో అయినా మీరు చూసేదే మా ఇంట్లోనూ. పొద్దున్నే నేనూ ఆయనా లాప్‌టాప్‌ల ముందు. నాన్న సోఫాలో. కారు లేకపోతే వీధి చివర దాటి పోవడానికి లేదు. పోయినా మాట్లాడ్డానికి మనిషి లేడు. ఫోన్‌లో గుంటూరు మిర్చి యార్డు రేట్లు చూస్తూ కూర్చునేవాడు. అమ్మడానికి ఆయన దగ్గర ఒక్క టిక్కీ కూడా లేదు. అయినా రోజూ చూసేవాడు.

మే నెలలో ఒకరోజు పెరట్లోంచి కేకేశాడు.

"అమ్మాయ్, ఇట్రా. నీ చెట్లకి మొవ్వు పురుగు పట్టింది."

వరి తెలియనివాళ్ల కోసం చిన్న మాట. వరి పిలక మధ్యలో ఉండే లేత ఆకునే మొవ్వు అంటారు. కాండం తొలుచు పురుగు లోపలికి దూరి దాన్ని మొదట్లో కొరికేస్తే, చుట్టూ ఆకులు పచ్చగానే ఉంటాయి గానీ మధ్యలో మొవ్వు ఒక్కటే ఎండిపోతుంది. పట్టుకుని లాగితే కత్తితో కోసినట్టు ఊడి చేతికొస్తుంది. రైతు పిల్లలకి అది ఎవరూ నేర్పక్కర్లేదు.

నాన్న పైన్ చెట్టు మీద చేసింది అదే. చుట్టూ కొవ్వొత్తులు పచ్చగా నిలబడి ఉంటే, ఒకటి మాత్రం గోధుమరంగుకి తిరిగి వాలిపోయి ఉంది. దాని మొదట్లో సాలెగూడులాంటి పొర, పొర మీద గడ్డకట్టిన బంక. లాగాడు. ఊడొచ్చింది. గోటితో చీల్చాడు. లోపల బోలు సొరంగం, రంపపు పొట్టులాంటి లద్దె, ఆ చివర ఎర్రమట్టి రంగు ఒంటితో, నల్లటి తలతో సెంటీమీటరు పైచిలుకు పురుగు.

"చూశావా? ఊరు మారింది గానీ పని అదే" అన్నాడు.

నెల రోజుల్లో ఆ గొంతులో అంత ఉత్సాహం వినడం అదే మొదటిసారి.

దాని ఏడాది ఎలా గడుస్తుందంటే

ఫొటో తీసి వెతికితే పేరు దొరికింది. యూరోపియన్ పైన్ షూట్ మాత్. శాస్త్రీయనామం రయసియోనియా బువోలియానా. వరి పురుగుకి దగ్గరి చుట్టం కాదు, కానీ ఇదీ రెక్కల పురుగు పిల్లే. ఆ రాత్రి నేను ఇంగ్లిష్‌లో చదువుతూ తెలుగులో చెబుతుంటే, నాన్న ఒక్కో దశకీ మన నెలలూ కార్తెలూ కలుపుకుంటూ కూర్చున్నాడు.

జూన్ నడిమి నుంచి జూలై నడిమి దాకా తల్లి పురుగులు ఎగురుతాయి. ఇటుకరంగు రెక్కలు, వాటి మీద వెండి చారలు. రెక్కలు చాపితే రెండు సెంటీమీటర్లు. పగలంతా కొమ్మల్లో కదలకుండా ఉండి, పొద్దుగూకాక తిరుగుతాయి. ఆడది మొగ్గల మీద, సూదుల మొదళ్ల దగ్గర గుడ్లు పెడుతుంది. రెండు వారాలు తిరక్కముందే పిల్ల బయటికొస్తుంది. ముందు సూది మొదట్లోకి దూరుతుంది. కాస్త ఒళ్లు చేశాక మొగ్గలోకి మారుతుంది. ఆగస్టు చివరికి తిండి ఆపేసి, బంక పూసిన పట్టుపొర కింద అదే మొగ్గలో పడుకుంటుంది. చెట్టు వచ్చే ఏడాది కోసం దాచుకున్న మొగ్గ అది.

చలికి చచ్చిపోదా? నాన్న అడిగిన మొదటి ప్రశ్న అదే. చలి మైనస్ 28 డిగ్రీల దగ్గరికి దిగితే చాలావరకు చస్తాయి. కానీ మంచు కప్పేసిన కింది కొమ్మల్లో ఉన్నవి బతికిపోతాయి. మంచు వాటికి దుప్పటి. అందుకే మంచు బాగా పడే చోట్ల, కింది వరస కొమ్మల్ని ముందే కోసెయ్యడం ఒక పద్ధతి. మా వైపు అంత చలి పడ్డమే అరుదు. అంటే మా పెరట్లో పైనున్నవి కూడా హాయిగా నిద్ర లేస్తాయి.

ఏప్రిల్‌లో లేచి, పాత మొగ్గ వదిలి కొత్త మొగ్గకి నడుస్తాయి. అక్కడో గుడారం కట్టుకుని, సాగుతున్న కొవ్వొత్తిలోకి దూరతాయి. మే చివర, జూన్ మొదట్లో ఆ సొరంగంలోనే ప్యూపాగా మారతాయి. రెండు మూడు వారాలకి రెక్కలు. ఏడాదికి ఒకే తరం.

నాన్న వేళ్ల మీద లెక్కపెట్టి, "అంటే మృగశిర నడిమికి ఎగిరిపోతాయి. రోహిణిలోనే పట్టుకోవాలి" అన్నాడు.

ఎక్కడి రోహిణి, ఎక్కడి మిషిగన్! కానీ లెక్క తప్పలేదు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది, మృగశిర జూన్ 8 దగ్గర. ఇక్కడి పుస్తకాల్లో ఉన్నదీ అదే గడువు.

నోటీసు, మందు, నాన్న

ఆ వారంలోనే హెచ్‌ఓఏ నుంచి ఉత్తరం వచ్చింది. హెచ్‌ఓఏ అంటే మన అపార్ట్‌మెంట్ సంఘంలాంటిదే, కాకపోతే గడ్డి ఎంత ఎత్తుండాలో కూడా అదే చెబుతుంది. మా కంచె వెంట చెట్లు జబ్బుగా కనిపిస్తున్నాయట. 60 రోజుల్లో వైద్యం చేయించాలి, లేదా తీసేయాలి.

లాన్ చూసుకునే కంపెనీకి ఫోన్ చేశాం. మనిషొచ్చి చూసి, మూడు విడతలుగా మందు కొడతామన్నాడు. 480 డాలర్లు. మా ఆయన సరేనందామన్నాడు. నాక్కూడా శని, ఆదివారాలు మిగుల్తాయనిపించింది.

నాన్న ఆ మనిషిని ఒకే ప్రశ్న అడగమన్నాడు. "పురుగు ఇప్పుడు ఎక్కడుంది?"

"కొమ్మ లోపల" అన్నాడతను.

"మందు ఎక్కడ పడుద్ది?"

నేను తర్జుమా చెయ్యకముందే నాకు అర్థమైపోయింది. ఈ పురుగుకి మందు తగిలేది రెండే రెండు సమయాల్లో. ఏప్రిల్‌లో పాత మొగ్గ నుంచి కొత్త మొగ్గకి నడిచే కొద్ది రోజులు. మళ్లీ జూన్ ఆఖర్న, జూలైలో, గుడ్డు పగిలి సూదుల్లోకి దూరేలోపు. మే నడిమిలో అది తలుపేసుకుని లోపల కూర్చుంది.

"లోపలికెళ్లాక కొడితే మందు చెట్టుకి, డబ్బులు కంపెనీకి. పురుగుకేం కాదు అల్లుడుగారూ" అన్నాడు నాన్న.

"పోనీ జూలైలో కొట్టిద్దాం మావయ్యగారూ" అన్నాడు మా ఆయన.

నాన్న ఏం మాట్లాడలేదు. రాత్రి అన్నాలయ్యాక చెప్పాడు. అమ్మకి తప్ప ఎవరికీ అంత వివరంగా చెప్పి ఉండడు.

1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. నాన్నకి అప్పుడు 25 ఏళ్లు, తాతయ్య ఆ ఏడే సేద్యం చేతికిచ్చాడు. కాయ తొలిచే పురుగు కోసం సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టేకొద్దీ, తెల్లదోమని తినే పురుగులు చచ్చాయి, తెల్లదోమ పెరిగింది. అది పెరిగిందని ఇంకా కొట్టారు. అప్పుకి మందు, మందుకి అప్పు. ఆ ఏడాదీ పైయేడాదీ ఆ రెండు జిల్లాల్లో పత్తి రైతులు అదే మందు తాగి చచ్చిపోయారు. నాన్న వీపున పంపు కట్టుకుని వారానికి రెండుసార్లు కొట్టేవాడు. ఒకరోజు మధ్యాహ్నం ఎదురుగాలికి మందు తలకెక్కి చేలోనే పడిపోయాడు. పక్క చేలోవాళ్లు ఎడ్లబండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లారు.

"మందు వద్దని కాదమ్మా. తర్వాత మిరపకి నేనే కొట్టాను, కొట్టక తప్పలేదు. కానీ చేత్తో తుంచితే పోయేదానికి మందెందుకు? తొమ్మిది చెట్లే కదా. నాకు పనేముంది ఇక్కడ?"

ఆఖరి మాట నా వైపు చూడకుండా అన్నాడు.

కత్తెర, బకెట్టు

మర్నాటి నుంచి పొద్దున్న కాఫీ తాగగానే నాన్న పెరట్లో ఉండేవాడు. ఎండిన కొసకి రెండంగుళాలు కింద, కండ పచ్చగా కనబడే దాకా కత్తిరించడం, సబ్బునీళ్ల బకెట్లో వెయ్యడం, సాయంత్రం నల్ల కవర్లో మూటగట్టడం. కింద మాత్రం పడెయ్యకూడదు. ప్యూపా అయిపోయినదైతే పడినచోటే రెక్కలొచ్చి ఎగిరిపోగలదు. వంకాయ తోటలో కొమ్మ తొలుచు పురుగు పట్టిన తలల్ని తుంచేది ఇలాగే. వరి నారు కొసలు తుంచి నాటేదీ ఇందుకే, కాండం తొలిచే పురుగు గుడ్లు ఆ కొసల్లోనే ఉంటాయి కాబట్టి. మూడు పంటల పని ఒకే కత్తెరతో నడిచింది.

పది రోజుల్లో 186 కొసలు. అన్నీ లెక్కపెట్టాడు. క్యాలెండర్ మీద రోజువారీగా రాశాడు కూడా.

పక్కింటి పెద్దాయన కంచె మీదుగా రెండు రోజులు చూసి, మూడో రోజు తనే లోపలికొచ్చాడు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో క్రిస్మస్ చెట్ల తోటలో కూలికెళ్లేవాడట. ఇద్దరికీ ఒక్క భాష కూడా కలవదు. నా ఫోన్‌లో తర్జుమా యాప్ పెట్టుకుని అరగంట మాట్లాడుకున్నారు, తర్వాత ఫోన్ పక్కన పెట్టి చేతులతోనే కానిచ్చారు.

ఆయన నేర్పిన కిటుకు ఇది. తల పోయిన చెట్టుకి పక్క కొమ్మలన్నీ తలవ్వాలని పోటీపడతాయి. వదిలేస్తే చెట్టు రెండు మూడు తలలతో పొదలా తయారవుతుంది. అందుకని వాటిలో గట్టిదాన్ని ఒకదాన్ని ఎంచి, కర్ర ఊతంగా నిలువుగా కట్టి, మిగతావాటి కొసలు తగ్గించాలి. రెండేళ్లలో అదే తలవుతుంది.

ఒక చెట్టు తల మాత్రం చావలేదు. పురుగు ఒక పక్కే తిని వదిలేసింది. కొవ్వొత్తి ఒరిగిపోయి, మళ్లీ వెలుతురు వెతుక్కుంటూ పైకి తిరిగింది. అడ్డం పెట్టిన కొమ్ముబూరలా వంపు. యూరప్‌లో తపాలా బండ్ల మీద ఊదే బూర పేరే ఈ వంపుకి పెట్టారు. అడవి పెంచేవాళ్లకి అసలు నష్టం ఇదే. చెట్టు చావదు, కానీ ఆ వంపు కాండంలో ఉండిపోతుంది. నిటారు స్తంభానికి, పలకకి పనికిరాదు. పైన ఎంత తిన్నగా పెరిగినా అక్కడ మాత్రం వంకర.

"దీన్నేం చేద్దాం?" అన్నాను.

"ఉండనీ. మనమేమన్నా దూలాలు కోయించాలా?"

ఆవకాయ సీసాలో

నాలుగు కొసల్ని నాన్న చంపకుండా రెండు ఆవకాయ సీసాల్లో వేసి, పాత చున్నీ ముక్క కట్టి కిటికీలో పెట్టాడు. జూన్ పదిహేను దాటాక ఒకదాంట్లో ఇటుకరంగు తల్లి పురుగు. కొస లోంచి ఖాళీ ప్యూపా తొడుగు సగం బయటికి పొడుచుకుని ఉంది. అంత అందంగా ఉంటుందని నేననుకోలేదు.

రెండో సీసాలో మాత్రం పురుగు రాలేదు. చీమంత నల్లటి కందిరీగ వచ్చింది. పురుగు ఒంట్లో తల్లి కందిరీగ గుడ్డు పెట్టి పోతే, పిల్ల లోపల్నుంచి దాన్ని తినేసి బయటికొచ్చింది. నాన్న ఆ సీసా మూత పెరట్లో విప్పాడు. "ఇది మన మనిషి."

ఆ సీసా చూశాక నేను చదివింది చెబుతాను. చిలీ దేశంలో కాలిఫోర్నియా నుంచి తెచ్చిన రేడియాటా పైన్ తోటలు లక్షల హెక్టార్లలో ఉన్నాయి. 1985లో ఈ పురుగు అక్కడ కనబడింది. అంత అడవికి మందు కొట్టడం ఎవరి వల్లా కాదు. యూరప్‌లో ఈ పురుగుని వేటాడే ఆర్గిలస్ అబ్స్‌క్యురేటర్ అనే చిన్న కందిరీగని తెచ్చి పెంచి వదిలారు. ఆ కందిరీగే దారికి తెచ్చింది. 1987లో మన చేలల్లో మందుకి చచ్చిపోయింది ఇలాంటి మనుషులే.

ఇంతకీ ఈ పురుగు అమెరికా ఎలా వచ్చింది? యూరప్ నుంచి దిగుమతైన నర్సరీ మొక్కల మొగ్గల్లో నిద్రపోతూ వచ్చింది. 1914లో న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో మొదట కనబడింది. విదేశీ నర్సరీ మొక్కల మీద అమెరికా గట్టిగా తలుపులు వేసింది 1919లో. అప్పటికే ఇది ఇంటిదైపోయింది. నాన్న దిగిన ఎయిర్‌పోర్టులో ఆయన సంచి విప్పి వంగ విత్తనాల పొట్లం, కరివేపాకు తీసి పక్కన పడేశారు. పాపం, చాలా రోజులు బాధపడ్డాడు. ఈ కథ చెప్పాక, "అయితే వాళ్లు చేసింది రైటే" అన్నాడు.

అవునా, కాదా

మృగశిర వచ్చింది. ఊళ్లో ఏరువాక. కౌలుదారు పొలం దున్నుతున్న వీడియో పంపాడు. నాన్న దాన్ని ఎన్నిసార్లు చూశాడో నాకు తెలుసు, ఎందుకంటే శబ్దం పెట్టే చూస్తాడు. ట్రాక్టరు మోత వంటింట్లోకి వినిపించేది.

హెచ్‌ఓఏ మనిషి జూలైలో వచ్చి చూసి, సరేనని రాసుకుని వెళ్లాడు. కత్తిరించిన చెట్లు కాస్త గుండుకొట్టినట్టున్నా పచ్చగా ఉన్నాయి. ఆగస్టుకల్లా కర్ర కట్టిన కొమ్మలు నిలబడ్డాయి.

సెప్టెంబరులో మావయ్య మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి నాన్న "చూద్దాంలే" అనలేదు. మెరక రెండెకరాలు ఇచ్చేస్తానన్నాడు. పల్లపు ఎకరం ఉంచుకుంటానన్నాడు. నేను వాదించాను. ఒక్క ఎకరంలో ఏం మిగుల్తుంది, ఒక్కడివే ఎలా ఉంటావు, రాత్రిపూట ఏదన్నా అయితే ఎవరు చూస్తారు?

"మిగలదమ్మా. నాకు తెల్సు. కానీ పొద్దున లేవగానే ఎక్కడికెళ్లాలో తెలిసుండాలి మనిషికి. ఇక్కడ పది రోజులు తెలిసింది. మిగతా అయిదున్నర నెలలు తెలీలేదు."

దానికి నా దగ్గర జవాబు లేదు. రాత్రిపూట ఏదన్నా అయితే అన్నదానికి ఆయన దగ్గరా లేదు. గ్రీన్‌కార్డు కాగితాలు సొరుగులో ఉన్నాయి. టికెట్టు తేదీ మార్చలేదు.

అక్టోబరు మొదటి వారంలో వెళ్లిపోయాడు. చెట్ల మొగ్గల్లో ఆ ఏటి పురుగులు అప్పటికే నిద్రలోకి జారుకుని ఉంటాయి.

ఈ ఏడు మే 25కి నా ఫోన్‌లో రిమైండర్ మోగింది. నాన్నే పెట్టించి వెళ్లాడు, 'రోహిణి' అని. శని, ఆదివారాలు రెండు పూటలా కూర్చుంటే 41 కొసలు దొరికాయి. కిందటేడు 186. అదే క్యాలెండర్ పద్ధతిలో రాసి ఫొటో పంపాను. కొమ్ముబూర చెట్టు ఈసారి వంపు పైనుంచి తిన్నగా మూరెడు సాగింది.

నాన్న వెంటనే వీడియో కాల్ చేశాడు. అక్కడ సాయంత్రం, ఆయన పల్లపు ఎకరం గట్టున వంగ మడి దగ్గర నిలబడి ఉన్నాడు. నా పక్క చెట్లని కెమెరాలో ఒక్కొక్కటీ చూపించమన్నాడు. చూపించాను.

"అదిగో, ఎడమపక్క కింద ఒకటి వదిలేశావు. బంక కారుతుంది చూడు."

వంగి చూశాను. నిజమే. మొత్తం 42.

"కింద పడెయ్యకు, కవర్లో వెయ్" అన్నాడు.